ఉప్పాడలో సముద్రం ఎన్ని మీటర్లు ముందుకొచ్చింది? కోతను కొలిచేది ఇలా

వీడియో చూసే టైం లేనివాళ్ల కోసం ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పిన మాటలన్నీ ఇక్కడ రాత రూపంలో పెడుతున్నాను. స్క్రీన్ మీద చూపించిన బొమ్మల్ని వీలైనంత వరకు మాటల్లోకి మార్చాను.

ప్రతి ఏడాదీ వాయుగుండం టైంలో మనందరి ఫోన్లలోకి ఒకే రకం వీడియో వస్తుంది. కాకినాడ – ఉప్పాడ బీచ్ రోడ్డు మీద కెరటాలు ఎగిసిపడుతుంటాయి, తారు విరిగి ముక్కలై ఉంటుంది, పక్కన సగం కూలిన ఇల్లు. కింద క్యాప్షన్: "ఊరిని మింగేస్తున్న సముద్రం". మనం చూసి, అయ్యో అనుకుని, పైకి స్వైప్ చేస్తాం.

నాకు ఆ వీడియో చూసినప్పుడల్లా ఒక చిన్న డౌట్ వస్తుంది. ఎంత మింగింది? అంటే ఎన్ని మీటర్లు? ఎన్నేళ్లలో? ఊరి పెద్దాయన్ని అడిగితే "మా చిన్నప్పుడు సముద్రం అదిగో, ఆ పడవ కనపడుతుందే, అంత దూరంలో ఉండేది" అంటారు. పేపర్లో ఒక లెక్క ఉంటుంది, ఆఫీసు ఫైల్లో ఇంకో లెక్క. ఇవన్నీ కలవవు. ఎవరూ అబద్ధం చెప్పకపోయినా కలవవు. ఎందుకు కలవవో చెప్పడమే ఈ ఎపిసోడ్.

ఇది పరీక్షల కోసం చదివే జాగ్రఫీ మాత్రమే అనుకోకండి. గోడ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కట్టాలి, ఏ వీధి వాళ్లకి వేరే చోట స్థలం ఇవ్వాలి, రోడ్డుని మళ్లీ అక్కడే వేయాలా వెనక్కి జరపాలా – ఈ నిర్ణయాలన్నీ ఒక నంబర్ మీద ఆధారపడతాయి. నంబర్ తప్పయితే కోట్ల రూపాయల రాళ్లు తప్పు చోట పడతాయి. ఇల్లు పోయే మనిషి పేరు లిస్టులో ఉండదు.

ముందు ఇది చెప్పండి: ఒడ్డు ఎక్కడుంది?

సింపుల్ ప్రశ్నలా ఉంది కదా. నీళ్లూ ఇసుకా కలిసే చోటు, అంతే. కానీ ఆ చోటు రోజంతా కదులుతూనే ఉంటుంది. రోజుకి దాదాపు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. మన కాకినాడ వైపు అమావాస్య, పున్నమి రోజుల్లో పోటుకీ ఆటుకీ మధ్య నీటి ఎత్తులో తేడా మీటరు దాటుతుంది.

ఒక్క మీటరే కదా అనుకోవద్దు. ఇక్కడ చిన్న లెక్క ఉంది. ఒక బీచ్ 20 మీటర్లు నడిస్తే 1 మీటరు దిగేంత వాలుగా ఉందనుకుందాం. నీళ్లు ఒక మీటరు పైకి లేస్తే ఒడ్డు 20 మీటర్లు లోపలికి వచ్చేస్తుంది. ఆరు గంటల తర్వాత మళ్లీ 20 మీటర్లు వెనక్కి పోతుంది. ఒక్క ఇసుక రేణువు కూడా కోతకి గురి కాలేదు. అయినా పొద్దున ఒక ఫొటో, మధ్యాహ్నం ఒక ఫొటో తీసి పక్కపక్కన పెడితే "20 మీటర్లు కొట్టుకుపోయింది" అని ఒక వైరల్ పోస్ట్ రెడీ!

అందుకే కొలిచేవాళ్లు నీటి అంచుని నేరుగా నమ్మరు. కొంచెం నిలకడగా ఉండే గుర్తులు వెతుకుతారు. పోటు చేరిన చివరి తడి గీత ఒకటి. నాచు, గవ్వలు, చెత్త ఒక వరసలో పేరుకుని ఉంటాయి చూశారా, అది ఒకటి. ఇసుక మీద తీగలూ గడ్డీ మొదలయ్యే గీత ఇంకొకటి. ఏ గీత తీసుకున్నా ఫర్వాలేదు. కానీ మొదటిసారి ఏది తీసుకుంటే ప్రతిసారీ అదే తీసుకోవాలి. 1990లో గడ్డి గీత, 2020లో తడి గీత తీసుకుని రెండింటి మధ్య తేడా చెప్తే ఆ లెక్కకి అర్థం లేదు.

బీచ్ ఊపిరి పీలుస్తుంది

రెండో చిక్కు సీజన్. మన తూర్పు తీరంలో ఇసుక ఒక చోట కూర్చోదు. నైరుతి రుతుపవనాల నెలల్లో కెరటాలు దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చి ఇసుకని ఒడ్డు వెంట ఉత్తరానికి నెడతాయి. ఈశాన్య గాలుల నెలల్లో ఈ ప్రయాణం తిరగబడుతుంది, ఇసుక దక్షిణానికి పోతుంది. సంవత్సరం మొత్తం కూడికలు తీసివేతలు వేస్తే మన దగ్గర ఉత్తరానికి పోయేదే ఎక్కువ. కాబట్టి ఒక సీజన్లో సన్నబడిన బీచ్ ఇంకో సీజన్లో వెడల్పుగా కనపడటం మామూలే.

దీని మీద తుఫాన్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. అలాంటి తుఫానుకి వారం ముందూ, వారం తర్వాతా కొలిచి, ఆ తేడానే "ఏడాదికి ఇంత కోత" అని చెప్తే ఎవరికైనా గుండె ఆగుతుంది. కానీ తుఫాను లాక్కెళ్లిన ఇసుకలో కొంత దగ్గరలోనే నీళ్ల కింద దిబ్బగా ఆగి, తర్వాత నెలల్లో మామూలు కెరటాలతో మెల్లగా వెనక్కి వస్తుంది. ఎంత వచ్చింది, ఎంత రాలేదు అన్నదే అసలు ప్రశ్న. రాకుండా పోయినదాన్నే మనం దీర్ఘకాలపు కోత అంటాం. అది తెలియాలంటే ఒక్కసారి కొలిస్తే చాలదు. ఏళ్ల తరబడి, ప్రతి ఏడాదీ అదే సీజన్లో కొలవాలి.

ఆకాశంలోంచి కొలత

ఇంత ఓపిగ్గా ఏళ్లకేళ్లు కొలిచేదెవరు? ఆకాశంలో ఒక కెమెరా ఉంది. మొదటి ల్యాండ్‌శాట్ శాటిలైట్ 1972లో ఎగిరింది. 1980ల నుంచి ఈ వరసలోని శాటిలైట్ల ఫొటోల్లో ఒక్కో చుక్క, అంటే పిక్సెల్, నేల మీద 30 మీటర్లు. 2008లో ఆ పాత ఫొటోలన్నీ అందరికీ ఫ్రీగా ఇచ్చేశారు. యూరప్ వాళ్ల సెంటినెల్–2 శాటిలైట్లు 2015 నుంచి మొదలయ్యాయి. వాటి పిక్సెల్ 10 మీటర్లు, రెండూ కలిసి సుమారు 5 రోజులకోసారి అదే చోటుని చూస్తాయి.

ఫొటోలో నీళ్లేవి, నేలేది అని కంప్యూటర్ ఎలా గుర్తుపడుతుంది? మన కంటికి కనపడని పరారుణ కాంతిలో. నీళ్లు ఆ కాంతిని పీల్చేసుకుంటాయి, అందుకే నల్లగా కనపడతాయి. ఇసుక, చెట్లు మెరుస్తాయి. ఆకుపచ్చ కాంతినీ పరారుణ కాంతినీ పోల్చి ఒక అంకె లెక్కేస్తే నీళ్లకి ఎక్కువ వస్తుంది, నేలకి తక్కువ వస్తుంది. ఆ మధ్య గీతే తీరరేఖ.

ఇప్పుడు 1990, 2000, 2010, 2020 తీరరేఖలన్నీ ఒకే మ్యాప్ మీద పెట్టండి. నేల మీద, సముద్రానికి సమాంతరంగా ఒక ఊహా గీత గీయండి. దాని నుంచి సముద్రం వైపు దువ్వెన పళ్లలాగా సమాన దూరంలో అడ్డగీతలు గీయండి. ప్రతి పన్నూ ఒక్కో సంవత్సరపు తీరరేఖని ఎక్కడ దాటుతుందో చూడండి. అంతే, ఆ చోట ఏడాదికి ఎన్ని మీటర్లు వెనక్కి వచ్చిందో తెలుస్తుంది. అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఈ పని కోసమే ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. ప్రపంచమంతా పరిశోధకులు దాన్ని వాడతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మొదటి సంవత్సరం, చివరి సంవత్సరం మాత్రమే తీసుకుని భాగిస్తే లెక్క తేలికే. కానీ చివరి ఫొటో తుఫాను తర్వాతదైతే? అందుకే మధ్యలో ఉన్న చుక్కలన్నిటి గుండా ఒక సగటు గీత గీస్తారు. క్రికెట్‌లో ఒక బ్యాట్స్‌మన్‌ని మొదటి మ్యాచ్, చివరి మ్యాచ్ చూసి తేల్చం కదా, మొత్తం కెరీర్ చూస్తాం. ఇదీ అంతే.

ఇంకో జాగ్రత్త పిక్సెల్ సైజుది. ఒక చోట ఏడాదికి 1 మీటరు కోత పడుతోందనుకోండి. 5 ఏళ్లకి 5 మీటర్లు. 30 మీటర్ల పిక్సెల్‌లో 5 మీటర్లు నమ్మకంగా పట్టుకోవడం కష్టం. పైగా ల్యాండ్‌శాట్ మన మీదుగా పొద్దున 10 ప్రాంతంలో వెళ్తుంది, ఆ టైంకి ఒక రోజు పోటు ఉంటుంది, ఇంకో రోజు ఆటు ఉంటుంది. అదే 30 ఏళ్ల ఫొటోలు తీసుకుంటే మార్పు 30 మీటర్లవుతుంది, అప్పుడు అది స్పష్టంగా బయటపడుతుంది. కాబట్టి "ఈ రెండేళ్లలో శాటిలైట్ ప్రకారం 4 మీటర్లు పోయింది" అని ఎవరైనా అంటే, ఏ శాటిలైట్, ఎన్ని ఫొటోలు, పోటు లెక్క సరిచేశారా అని అడగండి.

మన డెల్టాల లెక్క

ఇప్పుడు అసలు నంబర్లలోకి వద్దాం. ఆంధ్రా యూనివర్సిటీకి చెందిన కాకాని నాగేశ్వరరావు గారు, ఆయన తోటి పరిశోధకులు కృష్ణా, గోదావరి డెల్టాల తీరాన్ని 1965 నుంచి 2008 వరకు పోల్చి 2010లో ఒక పేపర్ ప్రచురించారు. మొత్తం 336 కిలోమీటర్ల తీరం. 43 ఏళ్లలో నికరంగా పోయిన నేల 76 చదరపు కిలోమీటర్లు. మన భాషలో సుమారు 18,800 ఎకరాలు.

ఇంకో విషయం చూడండి. 1965–1990 మధ్య ఏడాదికి 1.39 చదరపు కిలోమీటర్లు. 1990–2000 మధ్య ఏడాదికి 2.32. 2000–2008 మధ్య 2.25. అంటే 1990 తర్వాత వేగం పెరిగింది, ఆ తర్వాత తగ్గలేదు.

76 చదరపు కిలోమీటర్లని 336 కిలోమీటర్ల తీరానికి సమానంగా పంచితే, సగటున 226 మీటర్ల వెడల్పు పట్టీ పోయినట్టు. ఏడాదికి 5 మీటర్ల పైమాట. కానీ ఈ సగటుని ఏ ఊరికీ అంటించకండి. ఎందుకంటే నేను "నికరం" అన్నాను. పోయినదాంట్లోంచి కొత్తగా మేటేసినది తీసేస్తే మిగిలింది అది. కొన్ని చోట్ల సముద్రం వందల మీటర్లు లోపలికొచ్చింది, కొన్ని చోట్ల ఇసుక పేరుకుని నేల ముందుకెళ్లింది. ఉప్పాడలో ఇల్లు పోయిన మనిషికి డెల్టాలో ఇంకెక్కడో పుట్టిన ఇసుక దిబ్బతో పనేముంది?

దేశం మొత్తం లెక్క కూడా ఉంది. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు శాటిలైట్ ఫొటోలు చూసి చెప్పింది: దేశ తీరంలో సుమారు మూడో వంతు కోతకి గురవుతోంది, పావు వంతు కంటే కొంచెం ఎక్కువ చోట మేట వేస్తోంది, మిగతాది నిలకడగా ఉంది. అంటే సముద్రం అన్ని చోట్లా ముందుకి రావడం లేదు. ఎక్కడ వస్తోందో తెలుసుకోవడానికే ఇంత కొలత.

ఇసుక ఎందుకు తగ్గింది? గోదారి నీళ్లని గ్లాసులో పట్టండి

డెల్టా అంటేనే నది తెచ్చిపోసిన ఒండ్రు. ఒకవైపు నది పోస్తుంటుంది, ఇంకోవైపు సముద్రం లాగుతుంటుంది. బ్యాంక్ అకౌంట్ లాగా. జమ తగ్గితే, ఖర్చు అలాగే ఉంటే, బ్యాలెన్స్ ఏమవుతుంది?

ఆ జమని కొలిచే పద్ధతి చాలా సింపుల్. నదిలో వేర్వేరు లోతుల్లో నీళ్లు సీసాల్లో పడతారు. వడగట్టి, మట్టిని ఆరబెట్టి, తూకం వేస్తారు. లీటరుకి ఎన్ని గ్రాములో తెలుస్తుంది. దాన్ని నదిలో పారే మొత్తం నీటితో గుణిస్తారు.

ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకి ఇస్తారని మీకు తెలుసు. 10 లక్షల క్యూసెక్కులంటే సెకనుకి సుమారు 28,300 ఘనపు మీటర్ల నీళ్లు. ఆ ఎర్ర నీళ్లలో లీటరుకి 1 గ్రాము మట్టి ఉందనుకుందాం. సెకనుకి 28 టన్నులు! అంటే 10 టన్నుల లారీలు దాదాపు మూడు, ప్రతి సెకనుకీ, సముద్రంలోకి.

ఇప్పుడు అదే పేపర్ చెప్పిన లెక్క. గోదావరి 1970లలో ఏడాదికి సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000–2006 నాటికి అది 5.7 కోట్ల టన్నులకి పడిపోయింది. ఆశ్చర్యం ఏంటంటే గోదావరిలో పారే నీళ్లు పెద్దగా తగ్గలేదు. నీళ్లు వస్తున్నాయి, మట్టి పైనున్న ఆనకట్టల వెనకాల ఆగిపోతోంది. రిజర్వాయర్‌లో నీళ్లు నిలబడితే మట్టి అడుక్కి దిగిపోతుంది కదా.

కృష్ణా సంగతి ఇంకా దారుణం. 1950లలో ఏడాదికి సుమారు 2,185 టీఎంసీల నీళ్లు డెల్టాకి వచ్చేవి. 2000–2008 నాటికి 417 టీఎంసీలు. ఒండ్రు 1960ల చివర్లో 90 లక్షల టన్నులుంటే, 2000–2005 నాటికి 4 లక్షల టన్నులు.

ఆనకట్టలు వద్దని నేను అనట్లేదు. మన అన్నం ఆ నీళ్లతోనే పండింది. కానీ రిజర్వాయర్ కట్టేటప్పుడు ఎన్ని ఎకరాలు ముంపుకి గురవుతాయో లెక్కేస్తాం, తీరంలో ఎన్ని ఎకరాలు పోతాయో అదే ఫైల్లో రాయం. సముద్ర మట్టం కూడా పెరుగుతోంది. 1993 నుంచి శాటిలైట్ లెక్కల ప్రకారం ప్రపంచ సగటు ఏడాదికి 3 మిల్లీమీటర్లకి పైనే. ఇవన్నీ కలిసి పని చేస్తాయి.

ఉప్పాడ ప్రత్యేకత

మరి డెల్టాకి ఉత్తరాన ఉన్న ఉప్పాడకే ఎందుకంత దెబ్బ? మ్యాప్ తెరవండి. కాకినాడకి ఎదురుగా సముద్రంలో ఒక సన్నని ఇసుక నాలుక ఉత్తరానికి చాచి ఉంటుంది. హోప్ ఐలాండ్ అంటామే, అదే. గోదావరి తెచ్చిన ఇసుక ఒడ్డు వెంట ఉత్తరానికి జరుగుతూ జరుగుతూ 15 కిలోమీటర్లకి పైగా పొడవున్న ఆ దిబ్బ తయారైంది. దాని వెనక కాకినాడకి ప్రశాంతమైన నీళ్లు, కోరంగి మడ అడవులకి నీడ.

కానీ ఆ నాలుక చివర దాటితే ఉప్పాడ, సూరాడపేట, మాయాపట్నం, కోనపాపపేట వైపు. దక్షిణం నుంచి రావాల్సిన ఇసుక ఆ దిబ్బలోనే ఇరుక్కుంటుంది. హార్బర్ కోసం కట్టిన రాతి గోడలు కూడా ఇసుక దారిని మారుస్తాయి. దిబ్బ ఆకారం వల్ల కెరటాలు వంగి, వాటి బలం ఉప్పాడ వైపు కేంద్రీకృతమవుతుందని పరిశోధకులు అంటారు. ఇసుక రాదు, కెరటం వస్తుంది.

2010 ప్రాంతంలో అక్కడ పెద్ద పెద్ద సింథటిక్ సంచుల్లో ఇసుక నింపి గోడలాగా పేర్చారు. తర్వాత ఏళ్లలో సముద్రం దాన్నీ దెబ్బతీసింది. గోడ ఉన్నంత మేర వెనకున్న నేల ఆగొచ్చు. కానీ కెరటం గోడని కొట్టి వెనక్కి పోతూ దాని పాదం దగ్గర ఇసుకని తవ్వుతుంది, గోడ ఆగిపోయిన చోట పక్క నేలని తింటుంది. అందుకే గోడ కట్టాక కొలత ఆపకూడదు. గోడ ముందు ఎంత లోతు పెరిగింది, రెండు చివర్లా పక్క ఊళ్లలో ఏం జరిగింది అని కొలవాలి. లేదంటే ఒక ఊరి కష్టం పక్క ఊరికి మారుతుంది, మనం మాత్రం "సమస్య తీరింది" అనుకుంటాం.

విశాఖలో ఇంకో దారి పట్టారు. ఔటర్ హార్బర్ గోడలకి దక్షిణాన ఇసుక ఆగిపోతుంది, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కి చేరదు. కాబట్టి ఆగిన ఇసుకని డ్రెడ్జర్‌తో తవ్వి ఆర్కే బీచ్ వైపు పోస్తుంటారు. అది ఎంత నిలబడిందో తెలియాలంటే మళ్లీ కొలతే దిక్కు.

రెండు కర్రలతో కొలవొచ్చు

శాటిలైట్ ఒడ్డు గీత చూపిస్తుంది, ఇసుక మందం చూపించదు. బీచ్ వెడల్పు అలాగే ఉండి, ఎత్తు తగ్గిపోతుంటే? తర్వాతి తుఫానుకి అది నిలబడదు. దీనికి 1961లో కె. ఓ. ఎమరీ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఒక పద్ధతి రాశారు. ఖర్చు దాదాపు సున్నా.

ఒకే పొడవున్న రెండు కర్రలు, చెరి 1.5 మీటర్లు, పై నుంచి కిందికి సెంటీమీటర్లు గీసినవి. మధ్యలో 1.5 మీటర్ల తాడు. ఇద్దరు మనుషులు. కదలని గుర్తు నుంచి, అంటే గుడి మెట్టో, కరెంటు స్తంభమో, అక్కడి నుంచి మొదలుపెట్టి నేరుగా సముద్రం వైపు వెళ్లాలి. తాడు సాగదీసి రెండు కర్రలూ నిటారుగా నిలబెట్టండి. వెనక కర్ర దగ్గరున్నవాళ్లు, ముందు కర్ర పై చివరా, దూరాన ఆకాశం సముద్రం కలిసే గీతా ఒకే వరసలోకి వచ్చేలా కన్ను పెట్టాలి. ఆ చూపు వెనక కర్రని పై నుంచి ఎన్ని సెంటీమీటర్ల దగ్గర దాటిందో చదవండి. నేల అంత దిగిందన్నమాట. ముందు నేల ఎత్తుగా ఉంటే తిరగేయండి: వెనక కర్ర పై చివర నుంచి చూసి ముందు కర్ర మీద చదవండి, అది ఎక్కిన ఎత్తు. రాసుకుని, వెనకవాళ్లు ముందు కర్ర ఉన్న చోటికి జరగండి. నీళ్లదాకా ఇదే.

ఆ అంకెలు కూడుకుంటూ గ్రాఫ్ గీస్తే బీచ్ అడ్డకోత బొమ్మ వస్తుంది. వచ్చే నెల మళ్లీ అదే స్తంభం నుంచి గీయండి. రెండు గీతల మధ్య ఖాళీయే పోయిన ఇసుక. ఆటు టైంలో చేయండి, ఎక్కువ బీచ్ దొరుకుతుంది. వాతావరణ హెచ్చరిక ఉన్న రోజు మాత్రం బీచ్ దగ్గరికే పోవద్దు.

లంకల్లో లెక్క కొబ్బరి వరసల్లో ఉంటుంది

నది ఒడ్డుకొస్తే కొలత ఇంకోలా ఉంటుంది. చిన్న ఏరులకైతే గట్టులోకి అడ్డంగా ఇనుప చువ్వలు గుచ్చి, బయటికి ఎంత తేలిందో నెల నెలా చూస్తారు. గోదావరి లంకల్లో అది పనికిరాదు, ఎందుకంటే అక్కడ గట్టు రేణువు రేణువుగా అరగదు, గదంత పెళ్లలుగా విరిగి పడుతుంది. అదీ చాలాసార్లు వరద తగ్గేటప్పుడు. వరదలో గట్టు నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, ఎదురుగా నదీ నీళ్లు దాన్ని ఆపుతుంటాయి. వరద చప్పున దిగితే ఆ ఊతం పోతుంది, తడిసిన గట్టు కూలుతుంది. చువ్వ కూడా దాంతోపాటే పోతుంది.

అందుకే కోనసీమ రైతు చెప్పే లెక్క నాకు చాలా నచ్చుతుంది: "ఈ వరదకి రెండు వరసల కొబ్బరి పోయింది." కొబ్బరి మొక్కకీ మొక్కకీ మధ్య సుమారు 25 అడుగులు వదులుతారు. రెండు వరసలంటే 50 అడుగులు, 15 మీటర్లు. అది పక్కా కొలత. కాకపోతే ఎక్కడా రాసి ఉండదు. ఏ సంవత్సరం ఎన్ని వరసలో తేదీతో ఒక నోట్‌బుక్‌లో రాసి, ఫొటో పెడితే, అది సాక్ష్యం అవుతుంది.

మీ ఫోన్‌తో ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు

చేయకూడనిది ముందు. జీపీఎస్ ఆన్ చేసి నీటి అంచున నిలబడి పిన్ వేయకండి. ఫోన్ జీపీఎస్ బయట ఖాళీ చోట కూడా సుమారు 5 మీటర్లు అటూఇటూ చూపిస్తుంది. ఏడాదికి 2 మీటర్ల మార్పు దానికి అందదు. టేపు పట్టి స్తంభం నుంచి కొలవడం దానికంటే నయం.

చేయాల్సింది: ఒకే చోట నుంచి, ఒకే కోణంలో ఫొటో. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 2017లో కోస్ట్‌స్నాప్ అని ఒకటి మొదలైంది. బీచ్ దగ్గర ఒక స్టీలు స్టాండ్ పెడతారు. వచ్చినవాళ్లు ఫోన్ అందులో పెట్టి ఫొటో తీసి పంపుతారు. అన్నీ ఒకే కోణం కాబట్టి కంప్యూటర్ వాటి నుంచి తీరరేఖ లాగుతుంది. ఇప్పుడది చాలా దేశాలకి పాకింది. మనకి స్టాండ్ అక్కర్లేదు. ఒక వంతెన రెయిలింగ్ మీద, ఒక గుడి అరుగు మీద పెయింట్‌తో గుర్తు పెట్టుకోండి. జూమ్ చేయకండి. ఫ్రేములో కదలని వస్తువు ఒకటి ఉండాలి, లైట్‌హౌస్ కానీ, వాటర్ ట్యాంక్ కానీ. తేదీ, టైం, ఆ రోజు పోటు టైం రాసుకోండి. నెలకోసారి చాలు.

గూగుల్ ఎర్త్‌లో పాత ఫొటోలు కూడా చూడండి. ఒక్క టెస్ట్ మర్చిపోవద్దు. ఒడ్డుకి కొంచెం లోపల ఉన్న ఒక పాత బిల్డింగ్ చూడండి. పాత ఫొటోలో, కొత్త ఫొటోలో ఆ బిల్డింగ్ మూల ఒకే చోట ఉందా? అది కూడా 8 మీటర్లు జరిగినట్టు కనపడితే జరిగింది బిల్డింగ్ కాదు, ఫొటో. ఒడ్డు లెక్కలోంచి ఆ 8 మీటర్లు తీసేయాలి.

మీ ఊరు తీరంలోనో లంకలోనో ఉంటే, ఇద్దరు ఫ్రెండ్స్‌తో ఈ పని ఒక ఏడాది చేయండి. పన్నెండు ఫొటోలు, పన్నెండు కొలతలు. రేపు గ్రామసభలో గోడ గురించో, పునరావాసం గురించో మాట వచ్చినప్పుడు "సముద్రం చాలా ముందుకొచ్చిందండీ" అనడానికీ, "ఈ స్తంభం నుంచి నిరుడు జూన్‌లో 42 మీటర్లు, ఈ జూన్‌లో 36 మీటర్లు, ఇదిగో ఫొటోలు" అనడానికీ చాలా తేడా ఉంటుంది. రెండో మాటని ఫైల్లో రాసుకోక తప్పదు. ఒక్క ఏడాది తేడాతో అంతా తేలిపోదు, ఆ సంగతి పైన మాట్లాడుకున్నాం. కానీ ఐదేళ్ల తర్వాత ఎవరైనా లెక్క అడిగితే, మొదటి ఏడాది కొలత ఎవరో ఒకరి దగ్గర ఉండాలి కదా. అది మీ దగ్గరే ఉండనివ్వండి.

మీ ఊళ్లో పెద్దవాళ్లు ఒడ్డు జరగడాన్ని దేంతో గుర్తుపెట్టుకుంటారు? బావా, చెట్టా, గుడా? అడిగి నాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో పోటూ ఆటుల టైం టేబుల్ ఎలా చదవాలో చూద్దాం. ఉంటాను మరి, నమస్తే.